రోడ్డుకు అప్పు పుడుతుంది, గుంతకు పుట్టదు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల విశ్లేషకురాలు, కాంట్రాక్టర్ల ప్రతినిధి, లారీ యజమానుల ప్రతినిధి)

వ్యాఖ్యాత: నమస్కారం. జాతీయ రహదారి మీద టోల్ కట్టడం మనకు అలవాటైపోయింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శాసనసభలో కొత్త ఆలోచన బయటపెట్టారు. రాష్ట్ర రహదారులను కూడా ప్రైవేటుకు అప్పగించి టోల్ పెడదాం, ముందు గోదావరి జిల్లాల్లో చూద్దాం అన్నారు. తెలంగాణ హ్యామ్ దారి పట్టింది, అంటే ఖర్చులో కొంత ప్రభుత్వం ముందే ఇచ్చి, మిగతాది కాంట్రాక్టరు పెట్టుకుని తర్వాత వాయిదాల్లో తీసుకునే పద్ధతి. అక్కడ గేటు దగ్గర ఎవరినీ ఆపరు, ఖజానా వాయిదాల్లో కడుతుంది. ఇంతకీ ఎవరు కట్టాలి? ఇంజనీరు గారూ, పాడుచేసినవాళ్లే కట్టాలంటే ముందు ఆ పాడుచేసేది ఎవరో తేలాలి కదా?

ఇంజనీరు: ఇద్దరండి. ఒకటి నీళ్లు, రెండోది ఇరుసు బరువు. నీళ్ల దగ్గర టోల్ వసూలు చేయలేం కాబట్టి రెండోదాని సంగతి చూద్దాం. రోడ్డు మందం లెక్కకట్టేటప్పుడు బళ్లన్నిటినీ ప్రామాణిక ఇరుసుల్లోకి మారుస్తాం. 8.16 టన్నుల ఇరుసు ఒకసారి దొర్లితే ఒకటి. బరువు పెరిగితే నష్టం అదే లెక్కన పెరగదు, సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. లారీ వెనక ఇరుసు మీద 10.2 టన్నులుంటే దాదాపు రెండున్నర ప్రామాణిక ఇరుసులు. అదే ఇరుసు మీద 14 టన్నులు వేస్తే ఎనిమిదిన్నర దాటుతుంది. కారు ఇరుసు 700 కిలోలు అనుకోండి, అలాంటివి 18 వేలు దొర్లితే గానీ ఒక ప్రామాణిక ఇరుసు చేసిన నష్టం కాదు.

వ్యాఖ్యాత: టోల్ రేట్లలో ఈ తేడా ఏమీ కనిపించదే?

ఇంజనీరు: కనిపించదు. జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు 2008లో వచ్చాయి. వాటిలో మూల రేటు కారుకు కిలోమీటరుకు 65 పైసలు, బస్సుకూ లారీకీ 2 రూపాయల 20 పైసలు. మూడున్నర రెట్లు కూడా లేదు. కారువాళ్లు కట్టేది సౌకర్యానికి, వెడల్పుకు. అరిగించినందుకు కాదు.

లారీ ప్రతినిధి: ఆగండి సార్. అంతా మా మీదకే తోస్తున్నారు. 2018 జులైలో ఇరుసు పరిమితి పెంచింది కేంద్రమే. 10.2 టన్నులున్నది 11.5 చేశారు. రెండిరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5కి పోయింది. చట్టం మొయ్యమన్నంతే మోస్తే తప్పు మాదెలా అవుతుంది?

ఇంజనీరు: తప్పు మీదని అనలేదండి, లెక్క చెబుతున్నా. 10.2 నుంచి 11.5 అంటే నష్టం 60 శాతం పెరిగినట్టు. ఒక్క లారీ కూడా చట్టం దాటకుండానే! కింద ఉన్న రోడ్డు మాత్రం పాత బరువుకు వేసిందే.

లారీ ప్రతినిధి: అదే నేనూ అంటున్నది. పైగా మేం కట్టడం లేదా? ఆంధ్రలో డీజిల్ మీద వ్యాట్ 22.25 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, చాలదన్నట్టు 2020 సెప్టెంబరు నుంచి రోడ్డు సెస్సని ఇంకో రూపాయి. ఆ రూపాయి రోడ్డు మీద ఎక్కడుందో చూపించమనండి.

విశ్లేషకురాలు: ఆ సెస్సును భరోసాగా చూపించి రోడ్డు అభివృద్ధి సంస్థ బ్యాంకు అప్పు తెచ్చింది. అంటే రేపు మీరు కట్టబోయే రూపాయిలో కొంత, నిన్నటి రోడ్డు పనికే పోయింది. అందులో వింతేమీ లేదు. నా ఫిర్యాదు వేరే. బడ్జెట్ పుస్తకంలో రోడ్లకు రెండు పద్దులుంటాయి. 5054 పెట్టుబడి పద్దు, కొత్త రోడ్లు, వంతెనలు, వెడల్పు చేయడం. 3054 రెవెన్యూ పద్దు, నిర్వహణ. కేంద్రం 2020-21 నుంచి రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు ఇస్తోంది. మొదటి ఏడాది 12 వేల కోట్లు, 2024-25కు లక్షన్నర కోట్లు పెట్టారు. ఆ డబ్బు పెట్టుబడి పనులకే. గుంత పూడ్చడానికి వాడకూడదు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాలు పోగా మిగిలిన దాంట్లోంచే 3054 బతకాలి. రాష్ట్రానికి రొక్కం తగ్గిందంటే మొదట ఆగేది అదే. జీతం ఆపితే ధర్నా, నిర్వహణ ఆపితే మూడేళ్ల దాకా అడిగేవాడుండడు.

ఇంజనీరు: మూడేళ్లేంటండీ, రెండు వానాకాలాలు చాలు. చిన్న ఉదాహరణ చెబుతాను. 5.5 మీటర్ల రోడ్డు నడుమ ఎత్తుగా, అంచుకు వాలుగా ఉండాలి. రెండున్నర శాతం వాలంటే నడుమకూ అంచుకూ తేడా 7 సెంటీమీటర్లు, అంతే. తారు పక్కన ఉండే మట్టి అంచు, అదే బెర్ము, దాని మీద గడ్డి పెరిగి, మట్టి చేరి, ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు లేస్తుంది. మూడో ఏటికి నీళ్లు పక్కకు పోవు, తారు అంచున నిలబడతాయి. అక్కణ్ణుంచి కంకర పొరలోకి దిగుతాయి. డెల్టాలోనో, కింద నల్లరేగడి ఉన్నచోటో అయితే నేల మెత్తబడి అంచు విరుగుతుంది. బెర్ము చెక్కి వాలు తీయడానికి నేల చదును చేసే గ్రేడరు యంత్రానికి ఒక పూట పని. అది చేయకపోతే తర్వాత రోడ్డు మొత్తం తవ్వి వేయాలి. ఆ తవ్వి వేసేది మాత్రం 5054లోకి వస్తుంది, దానికి అప్పు పుడుతుంది!

వ్యాఖ్యాత: మరి గుంతలు పూడుస్తూనే ఉంటారు, మళ్లీ పడుతూనే ఉంటాయి. అదెందుకు?

ఇంజనీరు: పూడ్చే తీరు అలా ఉంటుంది కాబట్టి. గుంతను చతురస్రంగా, అంచులు నిట్టనిలువుగా, గట్టి పొర తగిలేదాకా కోయాలి. దుమ్ము ఊది, అడుగునా పక్కలకూ ఎమల్షన్ అనే పల్చటి తారు పూసి, అప్పుడు తారు కలిపిన కంకర మిక్స్ వేసి, చుట్టూ ఉన్న రోడ్డు కంటే కాస్త ఎత్తుగా పెట్టి రోలరు తిప్పాలి. జరిగేదేంటి? నీళ్లున్న గుంతలో కంకర, పైన పారతో నాలుగు చిలకరింపులు. బస్సు టైరే రోలరు.

కాంట్రాక్టర్ల ప్రతినిధి: ఆ పని చేసినవాడికి బిల్లు ఎప్పుడొస్తుందో కూడా చెప్పండి సార్. ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కుతాయి, పై అధికారి మళ్లీ కొలిచే చెక్ మెజర్‌మెంట్ అవుతుంది, బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, అక్కడ కూర్చుంటుంది. కోటి రూపాయల బిల్లు రెండేళ్లు ఆగితే, నూటికి రూపాయి వడ్డీ లెక్కన 24 లక్షలు. ఆ 24 లక్షలు ఎవడు భరిస్తాడు?

విశ్లేషకురాలు: రెండే దారులు. టెండర్లో ముందే కలుపుకోవాలి, లేకపోతే పనిలో తగ్గించుకోవాలి.

కాంట్రాక్టర్ల ప్రతినిధి: టెండర్లో కలుపుకోవడానికి ఎక్కడుందమ్మా, పోటీలో అందరూ లెస్, అంటే అంచనా కంటే తక్కువ రేటు, వేసేవాళ్లే. పాతిక శాతం లెస్ వేసినవాళ్లూ ఉన్నారు. వడ్డీ కట్టే స్తోమత లేనివాళ్లు టెండరు వైపే రాకుండా పోయారు, ఏక టెండర్లు ఎందుకు పడుతున్నాయో అడగండి.

ఇంజనీరు: పనిలో తగ్గించుకోవడం అంటే ఎంతో చెబుతాను వినండి. 5.5 మీటర్ల రోడ్డు, కిలోమీటరు, 30 మిల్లీమీటర్ల తారు పొర. దాదాపు 400 టన్నుల మిక్స్. తారు 5.4 శాతం పడాలి, అంటే 21 టన్నులకు పైనే. ఆ 5.4లో అర శాతం కోసి 4.9 వేస్తే రెండు టన్నులు మిగులుతుంది. టన్ను 50 వేలనుకున్నా కిలోమీటరుకు లక్ష. వేసిన రోజు చూస్తే నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. మొదటి వానకు చిన్న కంకర లేస్తుంది. ఎంత తారు పడిందో కంటితో చెప్పలేం, నమూనా తీసి ల్యాబులో తారు కరిగించి తూకం వేస్తేనే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: సరే, టోల్ సంగతికి వద్దాం. మేడమ్, రాష్ట్ర రహదారి మీద టోల్‌తో రోడ్డు ఖర్చు వస్తుందా?

విశ్లేషకురాలు: ఊహాలెక్క వేద్దాం. 30 కిలోమీటర్లు, కిలోమీటరుకు 2 కోట్లు, మొత్తం 60 కోట్లు. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు టోల్ ఉండదన్నారు. ఊరి నుంచి మండల కేంద్రానికి పోయేవాళ్లకూ ఉండదన్నారు. మన రాష్ట్ర రహదారి మీద తిరిగేవాటిలో ఎక్కువ భాగం అవే. మిగిలినవి రోజుకు 1,000, సగటున 60 రూపాయలు. రోజుకు 60 వేలు, ఏడాదికి 2 కోట్ల 20 లక్షలు. 60 కోట్ల మీద 9 శాతం వడ్డీ 5 కోట్ల 40 లక్షలు. వడ్డీలో సగం కూడా రాలేదు, ఇంకా గేటు దగ్గర మూడు షిఫ్టుల జీతాలు తీయలేదు. లోటు ప్రభుత్వమే పూడ్చాలి. మరి అప్పుడు జనాన్ని ఆపి తీసుకున్నదెందుకు?

లారీ ప్రతినిధి: ఇంకోటి, గేటు పెడితే బళ్లు ఊళ్లలోంచి పోతాయి.

ఇంజనీరు: నిజం. ఆ పక్క రోడ్డు 3.75 మీటర్ల పంచాయతీరాజ్ రోడ్డు, తక్కువ బళ్లకు లెక్కకట్టింది. ఒక్క సీజన్ ఇసుక లారీలు తిరిగితే చాలు, చక్రాల దారి గాడి పడుతుంది.

వ్యాఖ్యాత: హ్యామ్ మేలంటారా?

విశ్లేషకురాలు: జనానికి కనపడదు, అదే దాని సుఖం, అదే దాని ప్రమాదం. 100 కోట్ల పనిలో 40 కోట్లు కట్టేటప్పుడే ఇస్తారు. 60 కోట్లు 15 ఏళ్లలో ఆరు నెలలకో వాయిదా, వడ్డీతో. అసలును సమాన వాయిదాల్లో తీరుస్తారనుకుని 9 శాతం వేస్తే వడ్డీ దాదాపు 42 కోట్లు. అదే 60 కోట్లు ప్రభుత్వమే బాండ్ల మీద ఏడుంబావు శాతానికి తెచ్చుకుంటే 34 కోట్లు. తేడా 8 కోట్లు. ఆ 8 కోట్లు దేనికంటే, కట్టినవాడే 15 ఏళ్లు రోడ్డు చూసుకుంటాడని. నిర్వహణ ఖర్చు విడిగా ఇస్తారు, సరిగ్గా చేయకపోతే వాయిదాలో కోత పెడతారు. కోత నిజంగా పెడితే 8 కోట్లు దండగ కాదు. పెట్టకపోతే ఖరీదైన అప్పు తెచ్చినట్టే.

కాంట్రాక్టర్ల ప్రతినిధి: వాయిదా సమయానికి రాకపోతే?

విశ్లేషకురాలు: అది అసలు ప్రశ్న. అందుకే వాయిదాల డబ్బు ఏ సెస్సులోంచి వస్తుందో ఒప్పందంలోనే రాసి, ఆ ఖాతా విడిగా పెట్టాలి. గనుల దగ్గర ఇంకో డబ్బు ఉంది. 2015 నుంచి రాయల్టీ మీద అదనంగా జిల్లా ఖనిజ నిధికి కడుతున్నారు. దాంట్లోంచి రోడ్లకూ ఇవ్వొచ్చు. చీమకుర్తి గ్రానైట్ లారీ విరగ్గొట్టిన రోడ్డును చీమకుర్తి గ్రానైటే బాగుచేయాలి, తణుకులో కారువాళ్లు కాదు.

లారీ ప్రతినిధి: దానికి మేమూ ఒప్పుకుంటాం. లోడు ఎక్కించేది క్వారీలో. అక్కడే కాటా పెట్టి, ఎక్కువుంటే సరుకు రవాణా బిల్లు ఇవ్వకుండా ఆపండి. ఇప్పుడు ఓవర్‌లోడుకు 20 వేలు, పైన టన్నుకు 2 వేలు జరిమానా డ్రైవరు చేతిలో పెట్టి పోతారు. ఎక్కించినవాడి జోలికి ఎవరూ పోరు.

ఇంజనీరు: జరిమానా రవాణా శాఖ ద్వారా ఖజానాకు పోతుంది, విరిగిన రోడ్డు మా శాఖ దగ్గర ఉండిపోతుంది. కాటా మాట మాత్రం బాగుంది. క్వారీ గేటు దగ్గర ఒక్క కాటా, రోడ్డు మీద పది చెక్‌పోస్టుల పని చేస్తుంది.

వ్యాఖ్యాత: చివరగా ఒక్క మాట. వచ్చే బడ్జెట్లో రోడ్లకు అదనంగా 100 రూపాయలు ఇస్తే మీరైతే ఎక్కడ పెడతారు?

కాంట్రాక్టర్ల ప్రతినిధి: పాత బిల్లులకు. ముందొచ్చిన బిల్లు ముందు, వరుస తప్పకుండా.

విశ్లేషకురాలు: 40 పాత బిల్లులకు, 60 నిర్వహణకు. కొత్త రోడ్డుకు సున్నా.

ఇంజనీరు: నాకు 100 వద్దండి. వానలకు ముందు, మే నెలలో 10 ఇవ్వండి. బెర్ములు చెక్కిస్తా.