చూడని తుఫానును ఏఐ చెప్పగలదా?

అందరికీ నమస్కారం. నా దగ్గర స్లైడ్లు పెద్దగా లేవు, ఉన్నవి కూడా మధ్యలో వదిలేస్తానేమో, ఏమీ అనుకోకండి.

ముందు ఒక పాత లెక్క. లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆయన వాతావరణాన్ని లెక్కతో చెప్పాలని గాలి కదలికల సమీకరణాలు ముందేసుకుని, చేత్తో లెక్కలు కట్టి, ఒకచోట ఆరు గంటల్లో వాయుపీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని తేల్చారు. నిజానికి ఆ రోజు అక్కడ పీడనం దాదాపు కదలనే లేదు. అయినా ఆయన దాన్ని దాచుకోకుండా 1922లో పుస్తకంలో అచ్చు వేశారు చూడండి, అందుకే ఆయనంటే నాకు గౌరవం. తప్పు సమీకరణాలది కాదు, మొదట తీసుకున్న కొలతల్లో గాలికీ పీడనానికీ పొంతన లేదు. తర్వాత 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద లెక్క కుదిరింది, కానీ 24 గంటల సూచనకు దాదాపు 24 గంటలూ పట్టింది. రేపటి సంగతి రేపే తెలిసిందన్నమాట!

ఇప్పుడు గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల గ్రాఫ్‌కాస్ట్ లాంటి ఏఐ మోడల్ పది రోజుల సూచనను నిమిషంలోపే ఇచ్చేస్తోంది. యూరప్ మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ని రోజువారీ పనిలోకి దించింది కూడా. దాంతో కొంతమంది పిల్లలు నన్ను అడుగుతున్నారు, సార్, ఇక ఫిజిక్స్ ఎందుకు అని.

సరే, ఈ మోడళ్లు దేన్ని చూసి నేర్చుకున్నాయి? ఎక్కువగా ఈఆర్ఏ5 అనే డేటా నుంచి. 1940 నుంచి గంట గంటకూ భూమి మీద వాతావరణం ఎలా ఉందో అందులో ఉంటుంది. శాటిలైట్లు, బెలూన్లు, నౌకలు ఇచ్చిన కొలతల మధ్య ఖాళీలను పూడ్చి దాన్ని తయారుచేసింది ఎవరనుకున్నారు, సమీకరణాలతో నడిచే ఆ పాత ఫిజిక్స్ మోడలే. తాత సంపాదన మీద మనవడి దర్జా!

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు, వాళ్లతో పనిచేసినవాళ్లు కలిసి, ట్రైనింగ్ డేటాలోంచి బలమైన తుఫానులన్నీ తీసేసి, ఆ తర్వాత మోడల్‌కి అయిదో కేటగిరీ, అంటే అన్నిటికన్నా బలమైన రకం తుఫాను పుట్టబోయే పరిస్థితులు చూపించారు. తుఫాను వస్తుందనైతే చెప్పింది కానీ, బలం మాత్రం ప్రతిసారీ తక్కువే చెప్పింది. అయితే వేరే సముద్రంలో బలమైన తుఫానులను చూసి ఉంటే, ఇక్కడివి కూడా కొంతవరకు పోల్చుకోగలిగింది. వేడెక్కుతున్న భూమి మీద రాబోయేవాటిలో ఇంతవరకు ఎక్కడా ఎవరూ చూడనివి ఉంటాయే, నా టెన్షన్ వాటి గురించే. న్యూరల్‌జీసీఎం అనే మోడల్‌లాగా ఫిజిక్స్‌నీ ఏఐనీ కలిపి కట్టే దారే నాకు నమ్మకంగా కనిపిస్తోంది.

ఇక క్లాసు సంగతి. గ్రాఫ్‌కాస్ట్ కోడ్ బయటే ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు. పిల్లలకి సూచనలు తీయడం నేర్పితే ఒక పూటలో వచ్చేస్తుంది, అది పెద్ద విద్యేం కాదు. దాని బదులు ఒక పాత తుఫాను ఇచ్చి, మోడల్ చెప్పిన గాలి వేగాన్నీ కొలిచిన వేగాన్నీ పక్కపక్కన పెట్టమనండి. తుఫాను దారి చక్కగా కలుస్తుంది, కేంద్రం దగ్గర వేగం మాత్రం చప్పబడిపోయి ఉంటుంది. ఎందుకో వాళ్లనే తవ్వనివ్వండి. సగటు తప్పు తగ్గించమని నేర్పితే మోడల్ ఎప్పుడూ మధ్యేమార్గం పడుతుందని వాళ్లంతట వాళ్లే కనుక్కున్న రోజున, సార్, ఫిజిక్స్ ఎందుకు అన్న ప్రశ్న మళ్లీ రాలేదు నా క్లాసులో.

ఇక మైకు మీకిచ్చేస్తున్నాను, అడగండి.