నవలకు నాలుగు తలుపులు

శ్రోతలకు నమస్కారం.

వేసవి వస్తే చాలు, తెలిసినవాళ్లు నన్ను అడిగే మాట ఒకటుంది. "ఈ సెలవుల్లో చదువుకోవడానికి మంచి కొత్త నవల ఏదైనా చెప్పండి." ఆ మాట వినగానే నాకు ఎంత సంతోషమో! ఎదుటి మనిషి నా మాట నమ్మి పది పన్నెండు గంటలు ఒక పుస్తకానికి ఇవ్వబోతున్నారు. అంత నమ్మకానికి తొందరపడి జవాబు చెప్పకూడదు. ఈ సంగతి నాకు మా చెల్లెలి వల్ల తెలిసింది.

చిన్నప్పుడు తను నాకంటే ఎక్కువ చదివేది. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. నవల పట్టుకుని ఎనిమిదేళ్లయింది. కిందటి వేసవిలో ఫోన్ చేసి, "అక్కా, మళ్లీ చదవాలనుంది, ఏదైనా చెప్పవా" అంది. నేను వెంటనే సమంతా హార్వీ రాసిన 'ఆర్బిటల్' పంపించాను. 2024లో బుకర్ బహుమతి వచ్చిన నవల, పైగా నూట యాభై పేజీల లోపే. ఇంకేం కావాలి అనుకున్నాను. రెండు వారాలాగి అడిగితే, "ఇరవయ్యో పేజీ దగ్గర ఆపేశాను అక్కా. బాగానే ఉంది కానీ ఏమీ జరగడం లేదు. నాకు చదివే అలవాటే పోయినట్టుంది" అంది.

ఆ చివరి మాటకు నాకు చాలా బాధేసింది. అలవాటు ఎక్కడికీ పోలేదు. పుస్తకం కూడా గొప్పదే. ఆ ఇద్దరినీ కలపడంలోనే పొరపాటు జరిగింది.

నాన్సీ పెర్ల్ అని అమెరికాలో ఒక లైబ్రేరియన్ ఉన్నారు. 1998లో సియాటిల్ నగరమంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుందని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత అలాంటివి ఎన్నో ఊళ్లకు పాకాయి. పాఠకులకు పుస్తకాలు సూచించడమే ఆవిడ జీవితకాలపు పని. నవలలోకి వెళ్లడానికి నాలుగు తలుపులు ఉంటాయంటారావిడ. కథ, పాత్రలు, స్థలం, భాష. ప్రతి నవలలోనూ నాలుగూ ఉంటాయి. కానీ ఒక్కో నవలలో ఒక్కో తలుపు పెద్దది. పాఠకులకూ అంతే, ఒక్కొక్కరికి ఒక్కో తలుపు అలవాటు. తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అని పేజీలు తిప్పేవాళ్లు కొందరు. ఒక మనిషితో కొన్నాళ్లు కలిసి ఉండాలనుకునేవాళ్లు ఇంకొందరు.

ఇది విన్నాక 'ఆర్బిటల్' గురించి మళ్లీ ఆలోచించాను. ఆ నవలలో అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు ఉంటారు. ఒకే ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో భూమి చుట్టూ పదహారుసార్లు తిరుగుతారు, అంటే పదహారు సూర్యోదయాలు, పదహారు సూర్యాస్తమయాలు. వాళ్లలో ఒకామెకు కింద భూమ్మీద తల్లి చనిపోయిందని కబురు వస్తుంది. ఆమె వెళ్లలేదు. కిటికీలోంచి తల్లి ఉన్న దేశం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అది స్థలం తలుపున్న నవల. మా చెల్లెలు కథ తలుపు దగ్గర నిలబడి తడుతుంటే ఎవరు తీస్తారు?

స్థలమే ప్రాణమైన నవల తెలుగులో కావాలంటే బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' ఉంది. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన రాయలసీమ చారిత్రక నవల. ఒకటి నేలను ఆకాశంలోంచి చూపిస్తుంది, ఇంకొకటి నేల మీద నిలబెట్టి చూపిస్తుంది. స్థలం తలుపు ఇష్టమైనవాళ్లు ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి చదివి చూడండి.

ఇక భాష తలుపు. ఇక్కడ నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ మధ్య నన్ను బాగా కదిలించిన నవల ఈ తలుపు వెనకే ఉంది. పెర్సివల్ ఎవరెట్ రాసిన 'జేమ్స్'. 2024లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకుంది. మార్క్ ట్వేన్ రాసిన 'హకల్‌బెరీ ఫిన్' చాలామంది చదివే ఉంటారు. అందులో హక్ అనే కుర్రాడితో పాటు తెప్ప మీద నదిలో పారిపోయే బానిస జిమ్. ఆ కథనే జిమ్ తన నోటితో చెబుతాడు ఈ నవలలో.

మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. జిమ్ తన గుడిసెలో పిల్లలను కూర్చోబెట్టి పాఠం చెబుతుంటాడు. ఏం పాఠం? తెల్లవాళ్ల ముందు ఎలా మాట్లాడాలో. బానిసలు తమలో తాము ఉన్నప్పుడు చక్కటి, స్పష్టమైన ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. యజమానుల ముందు మాత్రం కావాలని ముక్కలు ముక్కలుగా, తెలివి లేనట్టు మాట్లాడతారు. జిమ్ ఒక ప్రశ్న వేస్తాడు. దొరసాని వంటింటికి నిప్పంటుకుంది, ఆమె ఇంటికి వీపు పెట్టి నిలబడి ఉంది, చూడలేదు. ఎలా చెబుతారు? "నిప్పు, నిప్పు" అని అరుస్తానంటుంది ఒక పిల్ల. అది కాదు సరైన జవాబు. "అమ్మగారూ, అటు చూడండి" అని మాత్రమే అనాలి. ఎందుకంటే అది నిప్పు అని పేరు పెట్టే హక్కు దొరసానికే ఉండాలి, పిల్లలు ముందు చెప్పకూడదు.

ఈ పేజీ చదివి పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇల్లు తగలబడుతున్నా ఆ మాట ముందు తను అనకూడదని పసిపిల్లకు నేర్పాల్సి రావడం. బానిసత్వం మీద ఎన్నో పుస్తకాలు చదివినా అంత నెమ్మదిగా, అంత లోతుగా నాకు ఎక్కడా గుచ్చుకోలేదు. మాట మార్చి బతకడం అంటే ఏమిటో తెలిసిన ఎవరికైనా ఈ నవల చేతికివ్వచ్చు. పాత నవల చదవకపోయినా ఇబ్బందేమీ లేదు.

భాష తలుపులోనే ఇంకొకటి. మరీ కొత్తది కాదు, కానీ వేసవి మధ్యాహ్నాల్లో తాపీగా చదువుకోవడానికి ఇంతకంటే మంచి తోడు దొరకదు. గీతాంజలి శ్రీ హిందీలో 2018లో రాసిన 'రేత్ సమాధి'. డైసీ రాక్‌వెల్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2022లో ఇంటర్నేషనల్ బుకర్ గెలిచింది, హిందీ నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఎనభై ఏళ్ల ముసలావిడ. భర్త పోయాక అందరికీ వీపు తిప్పి, గోడవైపు మొహం పెట్టి పడుకుంటుంది. ఎవరు లేపినా లేవదు. 'నహీ, నహీ, నేను లేవను' అంటూ ఉంటుంది. ఆ 'నహీ' అనే మాట పలుకుతూ పలుకుతూ మెల్లగా 'నయీ' అవుతుంది. లేవను అన్నది కాస్తా, కొత్తదాన్నై లేస్తాను అయిపోతుంది. ఒక్క అక్షరం జారినంతలో మనిషి పుట్టుకొచ్చేసింది. ఆ తర్వాత ఆవిడ సరిహద్దు దాటి పాకిస్తాన్ దాకా వెళుతుంది. హిందీ చదవగలిగినవాళ్లు దయచేసి హిందీలోనే చదవండి.

ఇందులో ఏదైనా మొదలుపెట్టి నచ్చకపోతే? పెర్ల్ దానికీ ఒక లెక్క చెప్పారు. యాభై పేజీలు చదివి చూడండి, పట్టుకోకపోతే వదిలేయండి. మీ వయసు యాభై దాటిందా, నూటిలోంచి మీ వయసు తీసేయండి, అన్ని పేజీలు చాలు. అరవై ఐదేళ్లవారికి ముప్ఫై ఐదు పేజీలు. నాకిది ఎంతో దయగల లెక్క అనిపిస్తుంది. ముఖ్యంగా చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదవబోయేవాళ్లకు. పుస్తకం మధ్యలో ఆపేశామని తప్పు చేసినట్టు కుమిలిపోతూ ఇంకో పుస్తకం ముట్టుకోనివాళ్లను ఎంతమందినో చూశాను.

మీరు ఇంకొకరికి నవల చెప్పేటప్పుడు నాదొక విన్నపం. కథంతా చెప్పేయకండి. బహుమతి పేరుతో మొదలుపెట్టకండి, పరీక్షకు చదవమన్నట్టు టెన్షన్ పుడుతుంది. "మీరు ఆఖరిసారి నిద్ర మానుకుని చదివిన పుస్తకం ఏది?" అని ముందు అడగండి. ఆ జవాబులో వాళ్ల తలుపు తెలిసిపోతుంది. కొత్త నవలలో ఇంకో సుఖం ఉంది. దాని గురించి ఏమనుకోవాలో మనకు ఎవరూ పాఠం చెప్పి ఉండరు. నచ్చిందో లేదో తేల్చుకునేది మనమే. ఆ స్వేచ్ఛ వాళ్లకూ మిగల్చండి.

మా చెల్లెలిని అదే అడిగాను. కాలేజీ రోజుల్లో ఒక డిటెక్టివ్ నవల కోసం తెల్లవార్లూ మేల్కొన్న సంగతి చెప్పింది. అప్పుడు లిజ్ మూర్ రాసిన 'ది గాడ్ ఆఫ్ ది వుడ్స్' పంపాను. 2024లో వచ్చిన నవల. 1975 ఆగస్టు, అడవిలో పిల్లల వేసవి శిబిరం. తెల్లారి చూస్తే ఒక మంచం ఖాళీ. ఆ పడక బార్బరా అనే అమ్మాయిది. పద్నాలుగేళ్ల కిందట ఆమె అన్న కూడా అదే అడవిలో మాయమయ్యాడు. సుమారు ఐదు వందల పేజీల పుస్తకం. ఇంత లావుదా అని మొదట భయపడింది.

నాలుగో రోజు రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగింది. ఆ వేళకు ఫోనంటే గుండె ఝల్లుమంది. తీస్తే అటువైపు గుసగుసగా, పిల్లలు లేస్తారేమోనన్న భయంతో మా చెల్లెలు.

"అక్కా, ఇది ఒక్కటి చెప్పు. ఆ అమ్మాయి దొరుకుతుందా?"

"చెప్పను" అన్నాను.

"సరే అయితే, ఫోన్ పెట్టేయ్. ఇంకా నూట ఇరవై పేజీలున్నాయి" అంది.

నమస్కారం.