రాగిని రాగి అనే అమ్ముదాం

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో సికింద్రాబాద్ నుంచీ పాతబస్తీ నుంచీ వచ్చిన అమ్మలకు, చెల్లెళ్లకు. పరిచయాలకే చాలా టైం అయిపోయింది, నేరుగా పనిలోకి వెళ్దాం. రాగి, కంచు మెటల్ క్లేతో నగలు చేయడం గురించి చెప్పమన్నారు. చెప్తాను. దాంతోపాటు నాకొక బాధ ఉంది, అదీ ఇవాళే చెప్పుకోవాలి.

మెటల్ క్లే అంటే మెత్తటి లోహపు పొడి, నీళ్లు, వాటిని పట్టి ఉంచే కాస్త జిగురు. మట్టిలా మలిచి కాలిస్తే గట్టి లోహమవుతుంది. 1990ల మొదట్లో జపాన్‌లో మిత్సుబిషి మెటీరియల్స్ వాళ్లు బంగారం, వెండితో మొదలుపెట్టారు. కంచు క్లే 2008లో వచ్చింది, ఆ తర్వాత రాగి. మనలాంటి వాళ్లకు అందుబాటులోకి వచ్చింది అప్పుడే.

చేతికి కాస్త నూనె రాసుకోండి. ముద్దకు రెండు పక్కలా పేకముక్కల దొంతరలు పెట్టి కర్రతో ఒత్తితే మందం అంతటా ఒకేలా వస్తుంది. రావి ఆకు వెనకవైపు అద్ది చూడండి, సన్నటి ఈనెలతో సహా దిగుతుంది. రంధ్రం పెట్టడం, అంచులు అరగదీయడం ఆరిన వెంటనే చేసేయాలి, కాల్చాక అయితే ఆకురాయితో కుస్తీ పట్టాల్సిందే. అరగదీసేటప్పుడు మాస్క్ తప్పదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇక కాల్చడం. వెండి క్లే మామూలు గాలిలో కాల్చినా గట్టిపడుతుంది. రాగి అలా కాదు, వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి రేణువుల మీద నల్లటి పొర కట్టేస్తుంది, ఆ పొర ఉంటే రేణువు రేణువు అతుక్కోదు. అందుకే ముందు తక్కువ వేడిలో జిగురు కాలిపోనిచ్చి, ఆ తర్వాత స్టీల్ డబ్బాలో యాక్టివేటెడ్ కార్బన్, అంటే బొగ్గు గుళికల మధ్య నగను పాతిపెట్టి, మూతేసి, కిల్న్‌లో, అంటే బట్టీలో, గంటల తరబడి ఉంచుతాం. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర, మనం దానికి కిందే ఆపుతాం. కంచులో తగరం కూడా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ వేడి చాలు. కిటికీలు తెరిచే ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు.

సరిగ్గా కాలని ఈ దుద్దు ముందు వరుస నుంచి వెనక్కి పంపించండి. పైన మెరుస్తోంది కదా, విరిగిన చోట గోటితో గీకండి, పొడి రాలుతుంది. పైపొర లోహమైంది, లోపల ఇంకా పొడే. విరిగేదాకా ఎవరికీ తెలియదు.

కాల్చాక నగ ఎంత కుదించుకుపోతుందో, ఉంగరం ఎంత పెద్దదిగా చేసుకోవాలో కూడా చెప్పాలి. కానీ పైపైన మెరిసే ఈ దుద్దు చూస్తే ఇందాక అన్న నా బాధ గుర్తొచ్చింది, అదే ముందు చెప్తాను. సిటీలో ఒక నగల షాపుకి, మా దగ్గర నేర్చుకున్న అమ్మాయి చేసిన కంచు లాకెట్లు తీసుకెళ్లాం. ఆయన తిప్పి తిప్పి చూసి, "పని బాగుందమ్మా, వన్ గ్రామ్ గోల్డ్ పాలిష్ వేయించి తెండి, టెంపుల్ జ్యువెలరీ అని పెట్టేద్దాం" అన్నాడు. ఆ పిల్ల ముఖం ఎలా అయిపోయిందో నాకింకా కళ్లముందే ఉంది. వారాల తరబడి చేసిన పనికి మొదటి షరతు, అది కంచని తెలియకూడదట!

ఎందుకండీ? లాడ్ బజార్‌లో లక్క గాజులు లక్కవని తెలిసే కొంటున్నాం కదా? ఆదిలాబాద్ ఓజా కళాకారులు మైనంతో బొమ్మ చేసి ఇత్తడి పోస్తారు, డోక్రా అనే ఆ పనికి 2018లో జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువనే గుర్తింపు వచ్చింది. అది బంగారమని ఇచ్చారా? చేతి పని చూసి ఇచ్చారు.

రాగి చెమటకు చర్మం మీద పచ్చటి మరక వేస్తుంది, నల్లబడుతుంది. దాచకండి, కొనేవాళ్లకు ముందే చెప్పండి. మనింట్లో రాగి చెంబును చింతపండుతో తోమని వాళ్లెవరు? లాకెట్ కూడా అలాగే మెరుస్తుంది.

మీ అందరినీ అడిగేది ఒకటే. రేపటి ప్రదర్శనలో ప్రతి నగ పక్కనా చీటీ పెట్టండి. ఏ లోహం, ఎవరు చేశారు, ధర ఎంత. గోల్డ్ పాలిష్ అడిగితే కుదరదని మర్యాదగా చెప్పండి, బేరం పోయినా పర్లేదు. చీటీలు, పెన్నులు తలుపు పక్క టేబుల్ మీద ఉన్నాయి, ఇవాళే రాసి ఇచ్చేసి వెళ్లండి. ఉంగరాల సైజు లెక్క కావలసినవాళ్లు ఆగండి, టీ తాగుతూ చెప్తాను.