చీమలకు టీ

శ్రోతలకు నమస్కారం. నేలమీద పాకే పురుగులను లెక్కపెట్టడం ఎలాగో చెబుతాను. చీమలు, తేళ్లు, సాలీళ్లు, పెంకు పురుగులు. అదీ అనంతపురం లాంటి మెట్ట నేలలో, ఎండాకాలంలో. మనం తిరిగే వేళకు అవి రాళ్లకింద, బొరియల్లో ఉంటాయి. అందుకే బీడు ఖాళీగా కనిపిస్తుంది.

ఒక మే నెలలో అలాంటి బీడులో పది ప్లాస్టిక్ గ్లాసులు పాతాను. పద్ధతి పాతదే, పాకుతూ వచ్చిన పురుగు గ్లాసులో పడాలి. గుంత తీసి గ్లాసు దించి, అడుగున కాసిన్ని నీళ్లు, ఒక చుక్క సబ్బు. సబ్బు లేకపోతే చిన్న పురుగు నీటిమీద తేలుతుంది, సబ్బు పడితే మునుగుతుంది. మేకలు తోలుకొస్తున్న ఒక అవ్వ ఆగి చూసింది. "ఏం నాయనా, చీమలకు టీ పోస్తాండావా?" అంది.

రెండు రోజులకు వెళ్లి చూస్తే నీళ్లు చాలావరకు ఆవిరైపోయాయి. ఏడు గ్లాసుల్లో ఒక్క పురుగూ లేదు. అవ్వ మళ్లీ వచ్చింది. గ్లాసు పక్కన గొంతుక్కూర్చుని వేలు పెట్టి చూపించింది. "అంచు పైకుండాది సూడు. పురుగు గోడకు తగిలి పక్కకు పోతాంది."

నిజమే. నా కంటికి అది గోరంత ఎత్తు. చీమకు అది గోడ. అంచు నేలతో సమానంగా ఉండాలి, వెంట్రుకవాసి కిందికున్నా నష్టం లేదు, పైకి మాత్రం ఉండకూడదు. ఎండిన మట్టి రాలి గ్లాసు చుట్టూ సందు పడుతుంది, దాన్ని కూడా మెత్తటి మట్టితో కూరాలి. ఒకదానిలో ఒకటి రెండు గ్లాసులు పెడితే మరీ మంచిది. లోపలిది తీసి పురుగులు ఒంపుకోవచ్చు, బయటిది కదలదు, అంచు చెడదు.

ఆవిరి కాని ద్రవం పోయొచ్చు కదా అంటారు. ఇథిలీన్ గ్లైకాల్ వాడేవాళ్లున్నారు. అది తియ్యగా ఉంటుంది, విషం. మేకలు తిరిగే చోట నేను దాన్ని ముట్టను.

ఇటలీ శాస్త్రవేత్త బెర్లీసే 1905లో చెప్పిన గరాటు పద్ధతి ఒకటుంది. గరాటులో వేసిన మట్టికి వేడి తగిలితే అందులోని జీవులు కిందికి దిగి సీసాలో పడతాయి. తడి అడవి మట్టికి భేషుగ్గా ఉంటుంది. మన ఎర్రమట్టి ఎండలో ముందే ఎండిపోయి, జీవులు ఎప్పుడో లోతుకు దిగి ఉంటాయి. గరాటుకు మిగిలేది దుమ్మే.

ఇంకో చిక్కుంది. గ్లాసులో పడేది తిరిగే పురుగు మాత్రమే. పరుగెత్తే పెంకు పురుగులు ఎక్కువ పడితే అవే ఎక్కువున్నాయని కాదు, అవే ఎక్కువ తిరిగాయని. నా గ్లాసుల్లో ఒక్క తేలు కూడా పడలేదు. అదే బీడులో రాళ్లు ఎత్తి చూస్తే రెండు దొరికాయి. రాత్రిపూట అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి, అప్పుడు ఇంకా సులువు. చెయ్యి మాత్రం పెట్టకండి.

ఇక ఆరుద్ర పురుగు. మే నెల గ్లాసులను నమ్మితే ఆ నేలలో అది లేనే లేదనాలి. తొలకరి పడగానే ఎర్ర మఖమల్ గుండీల్లా అదే నేలలోంచి లేచి వస్తుంది. కాబట్టి ఏ గ్లాసులో ఏం పడిందో రాసుకునే కాగితంమీద, ఏ కార్తెలో పడిందో కూడా రాయండి.

పని అయ్యాక గుంతలు పూడ్చండి. మేక కాలు పడితే అవ్వ ఊరుకోదు.