ముప్పైకి ఒకటి తక్కువ

నమస్కారం అండి. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. మా వీధిలో తెలుగు ఇళ్ళ పిల్లలు కొందరు సాయంత్రం లెక్కలు చెప్పించుకోడానికి మా ఇంటికి వస్తారు. ఇంట్లో వాళ్ళది తెలుగు, బడిలో ఒడియా.

అందులో ఒక పాప, బడిలో 'అణతిరిశ' అంటే 39 అని రాసి వచ్చేది. దానికి లెక్కలు రావని ఇంట్లో ఒకటే టెన్షన్. అసలు సంగతి ఏంటంటే, ఒడియాలో తిరిశ అంటే ముప్పై. ఆ మాట చెవిన పడగానే ముందు 3 వేసేసేది. కానీ అణతిరిశ అంటే ముప్పైకి ఒకటి తక్కువ, అంటే 29. మన పెద్దవాళ్ళు పంతొమ్మిదిని సంస్కృతంలో ఏకోనవింశతి అంటారు చూడండి, ఇరవైకి ఒకటి తక్కువ అని. అదే పద్ధతి.

ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ 39 అనే రాసేది. అప్పుడు ఒక కథ చెప్పాను. బరంపురం నుంచి పర్లాకిమిడి వెళ్ళే బస్సు. ముప్పై సీట్లు. ఒక మామ్మ ఎక్కి, తెలుగులో లెక్కపెట్టింది: ఒక ఇరవై మంది, ఇంకో తొమ్మిది మంది, ఇరవై తొమ్మిది. ఇంక బయల్దేరు బాబూ అంది. ఒడియా కండక్టర్ కదలడు. 'అణతిరిశ' అంటాడు. మామ్మ ఎక్కినవాళ్ళని చూస్తోంది. కండక్టర్ ఖాళీ సీటుని చూస్తున్నాడు.

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇద్దరూ కరెక్టే కదా టీచర్!" అంది.

అలాంటి బస్సులు నాలుగు ఉంటే మొత్తం ఎంతమంది అని అడిగాను. పలకా లేదు, పెన్సిలూ లేదు. నాలుగు ముప్పైలు నూట ఇరవై, నాలుగు సీట్లు ఖాళీ, నూట పదహారు అని చెప్పేసింది. రెండు భాషలు కలిసి పిల్లని తికమక పెడుతున్నాయని మనం బాధపడతాం. నిజానికి ఒకే అంకెని రెండు వైపుల నుంచి చూసే అదృష్టం ఆ పిల్లది.

కథ అంటే చాలామంది కుందేలునీ కోతినీ తెచ్చి, చివర్లో ఒక కూడిక అతికిస్తారు. నాకు అది నచ్చదు. పిల్లలు కథ విని, లెక్క దగ్గరికి వచ్చేసరికి లేచిపోతారు. అంకె తీసేస్తే కథ ఆగిపోవాలి. బస్సు కదలకపోవడానికి కారణమే ఆ ఒక్క సీటు.

భాస్కరాచార్యులు 1150 ప్రాంతంలో రాసిన లీలావతి అనే లెక్కల పుస్తకంలో ఒక తుమ్మెదల లెక్క ఉంది. గుంపులో ఐదో వంతు కడిమి పూల మీద వాలింది. మూడో వంతు శిలీంధ్రం అనే పూల మీదకి పోయింది. ఆ రెండింటి తేడాకి మూడు రెట్లు కొడిసె పూలకి వెళ్ళాయి. ఒక్క తుమ్మెద మాత్రం మిగిలిపోయి, అటు మొగలి వాసన, ఇటు మాలతి వాసన లాగుతుంటే ఎటూ వాలలేక గాలిలో తిరుగుతోంది. మొత్తం ఎన్ని?

మా గంజాం జిల్లా తీరమంతా మొగలి పొదలే, ఆ పూలతో అత్తరు తీస్తారు. ఆ వాసన తెలియని పిల్లలు ఇక్కడ ఉండరు. అందుకే ఆ ఒంటరి తుమ్మెద మీద వాళ్ళకి ఎంత జాలో! చింతపిక్కలు ముందు పోసుకుని వెతికారు. ఐదుకీ మూడుకీ రెండింటికీ తెగాలి కాబట్టి పదిహేను తీసుకున్నారు. మూడు, ఐదు, తేడా రెండు, దానికి మూడు రెట్లు ఆరు. పద్నాలుగు అయ్యాయి. చేతిలో ఒక్క పిక్క మిగిలింది. "ఇదే ఆ తుమ్మెద!" అని అరిచారు.

కథ మాత్రం ఇంటి మాటలోనే చెప్పండి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పట్టుబట్టిన వాడుక మాట లెక్కల పాఠానికి ఇంకా ఎక్కువ అవసరం అనిపిస్తుంది నాకు.

మొన్న ఆ పాపే వాళ్ళ చెల్లికి 49 నేర్పుతోంది. ఒడియాలో అణచాశ. పెళ్ళి పంక్తిలో యాభై ఆకులు వేశారంట, నలభై తొమ్మిది మందే కూర్చున్నారంట. "ఆ ఖాళీ ఆకు ఎవరిదే?" అని చెల్లి అడిగింది.

"నీదే. రా, కూర్చో" అంది.