కొంటాననకూడదు, దత్తత తీసుకుంటాననాలి

[తెరపై: షాపు ముందు తోపులాట]

1983 నవంబరు. అమెరికా, పెన్సిల్వేనియాలో విల్క్స్-బారీ ఊరు. ఓ షాపు బయట వెయ్యి మంది దాకా గంటల తరబడి కాచుక్కూచున్నారు. తలుపు తీయగానే తొక్కిసలాట. ఒకావిడ కాలు విరిగింది. మేనేజరు బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని నిలబడాల్సొచ్చింది.

ఇదంతా ఓ బొమ్మ కోసం! పేరు క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్. బూరెల్లాంటి బుగ్గలు, చిన్న చిన్న కళ్లు. నన్నడిగితే అంత అందగత్తె కూడా కాదు.

[తెరపై: సూదీ దారం, గుడ్డ బొమ్మ]

కథ మొదలైంది కెంటకీలో. మార్తా నెల్సన్ థామస్ అనే కళాకారిణి గుడ్డతో పిల్లల బొమ్మలు కుట్టేది. లోపల దూది కూరి, సూదితో లాగి లాగి కుడితే ముక్కు లేస్తుంది, సొట్టలు పడతాయి, కాలి వేళ్లు తేలతాయి. ఏ రెండూ ఒకేలా రావు. ఒక్కో బొమ్మతో పాటు దత్తత కాగితం కూడా ఇచ్చేది.

1976లో జార్జియా కుర్రాడు జేవియర్ రాబర్ట్స్ ఆ బొమ్మలు చూశాడు. కొన్నాళ్లు తెచ్చి అమ్మాడు. తర్వాత ఆమె ఇవ్వడం మానేసింది. దాంతో అలాంటివే తను తయారు చేయించాడు.

ఇక్కడే అతని తెలివి చూడండి. 1978లో క్లీవ్‌లాండ్ అనే చిన్న ఊళ్లో పాత క్లినిక్ ఒకటి తీసుకుని 'బేబీల్యాండ్ జనరల్ హాస్పిటల్' అని బోర్డు పెట్టాడు. లోపల నర్సు డ్రెస్సుల్లో సిబ్బంది. బొమ్మలు క్యాబేజీ మడిలో 'పుడతాయి'. పిల్లలెలా పుడతారని అడిగితే అక్కడి పెద్దలు చెప్పి తప్పించుకునే మాట అదే మరి! అక్కడ 'ధర ఎంత' అనకూడదు, దత్తత రుసుము అనాలి. చెయ్యెత్తి ప్రమాణం కూడా చేయాలి. పెంచుకుంటానని మాటిచ్చిన బొమ్మని ఏ పిల్ల వదులుతుంది?

[తెరపై: ఫ్యాక్టరీ]

1982లో కొలెకో అనే బొమ్మల కంపెనీ వీటిని తయారు చేసే లైసెన్సు తీసుకుంది. గుడ్డ తల పోయి వినైల్ అనే ప్లాస్టిక్ తల వచ్చింది. జుట్టు, కళ్లు, బట్టలు కంప్యూటర్ సాయంతో మార్చి మార్చి కలిపారు. ఫ్యాక్టరీలో చేసినా 'నా బొమ్మ వేరు' అనే మాట నిలబడింది. 1983 చివరికి దాదాపు 30 లక్షల బొమ్మలు వెళ్లిపోయాయి. అదే ఏడాది కొలెకో తెచ్చిన ఆడమ్ కంప్యూటర్ మాత్రం బోల్తా కొట్టింది. 1988లో కంపెనీ దివాలా తీసింది.

ఈలోగా రాబర్ట్స్ మీద మార్తా కోర్టుకెక్కింది. చివరికి బయటే రాజీ కుదిరింది.

[తెరపై: బొమ్మ వెనక వైపు, క్లోజప్]

ఇది అసలుదా నకిలీదా అని అనుమానమొస్తే జనం బొమ్మని బోర్లా తిప్పి పిర్ర మీద చూస్తారు. అక్కడో సంతకం ఉంటుంది. జేవియర్ రాబర్ట్స్‌ది.