ఈ వేలిముద్ర ఎవరిది?
(జిల్లా గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గ్రంథాలయం వాళ్లు నాకిచ్చిన అంశం "ప్రభుత్వం మీద ప్రజల నమ్మకం". ఆహ్వాన పత్రికలో ఆ మాట కింద నా పేరు చూసుకుని కాస్త టెన్షన్ పడ్డాను. ఇంత పెద్ద విషయం మాట్లాడటానికి చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో, అంటే ఊరి పనుల లెక్కలు ఊరి జనం ముందే సరిచూసే పనిలో, కొన్నేళ్లు అనంతపురం జిల్లా ఊళ్లల్లో తిరిగినవాణ్ణి. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదవడం, కందకాలు టేపు పెట్టి కొలవడం, గడప గడపకూ వెళ్లి "ఎన్ని రోజులు పనికి పోయినారు?" అని అడగడం, ఇదే నా చదువు. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే వస్తాను.

ఊళ్లో ఎవరినైనా ఆపి "గవర్నమెంటును నమ్ముతావా?" అని అడిగి చూడండి. నవ్వి పక్కకు పోతారు. అదే మనిషి పసిబిడ్డకు సూది వేయించడానికి ఏఎన్‌ఎం దగ్గరికి ఏ అనుమానమూ లేకుండా వెళ్తాడు. పోస్ట్‌మ్యాన్ ఇచ్చిన పింఛను లెక్కపెట్టుకోకుండా కొంగున కట్టుకునే ముసలమ్మలను చూశాను. (లెక్కపెట్టుకోవాలి, అది వేరే సంగతి.) మనుషుల మొహం తెలిసినంతవరకు నమ్మకం ఉంటుంది. కాగితం మొదలైన చోట అది తెగిపోతుంది. ఆ కాగితంలో ఏముందో, ఎవరు రాశారో, తప్పుంటే ఎవరిని అడగాలో తెలియదు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు" అంటారు మనవాళ్లు. మరి పూజారి ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఆ ముక్క సామెతలో లేదు. నేను ఈ రోజు చెప్పేదంతా ఆ లేని ముక్క గురించే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. దేశంలో తొలి విడత 200 జిల్లాలు, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 13. ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పని. అనంతపురంలో వేరుశనగ పోతే ఊళ్లు బెంగళూరు బస్సెక్కేవి. అలాంటి చోట 100 రోజుల పని చిన్న విషయం కాదు. కానీ మా వాళ్లు పెద్దగా సంబరపడలేదు. అంతకుముందు పనికి ఆహారం పథకం చూసి ఉన్నారు. బియ్యం వచ్చాయని విన్నవాళ్లే తప్ప తిన్నవాళ్లు తక్కువ. "ఇదీ అంతేలే" అన్నారు.

అయితే ఈసారి చట్టంలో 17వ సెక్షను ఉంది. ఊళ్లో జరిగిన పనులను గ్రామసభే తనిఖీ చేయాలి, కాగితాలన్నీ దాని ముందు పెట్టాలి. ఈ ఆలోచన ఢిల్లీలో పుట్టింది కాదు, రాజస్థాన్ నుంచి వచ్చింది. అక్కడ అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వాళ్లు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం పెట్టారు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో జనాన్ని కూర్చోబెట్టి, పనుల లెక్కలు గట్టిగా చదివి వినిపించారు. 1996లో బ్యావర్ బజార్లో 40 రోజులు ధర్నా చేశారు. "హమారా పైసా, హమారా హిసాబ్", అంటే మా డబ్బు, మా లెక్క. ఆ మాటే పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమైంది.

రాజస్థాన్‌లో కూలీలు సర్కారుతో పోట్లాడి చేసిన పనిని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్కారే పిలిచి చేయించింది. 2006లోనే మొదలైంది. 2009లో దానికోసం వేరే సొసైటీ పెట్టి, రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిదాంబికి అప్పగించారు. "దొంగే తాళం చెవి తెచ్చి ఇచ్చినట్టుంది" అని నాతో ఒక లెక్చరర్ అన్నాడు. నాకూ అప్పట్లో అనుమానమే.

పని ఎలా జరిగేదో చెప్తాను. కూలీ కుటుంబాల్లోంచే పది, ఇంటర్ చదివిన పిల్లలను తీసుకుని రెండు మూడు రోజులు శిక్షణ ఇచ్చేవాళ్లం. మస్టరు అంటే ఏంటి, ఎం.బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు ఎలా రాస్తారు, క్యూబిక్ మీటరు అంటే ఎంత మట్టి. సొంత ఊరికి పంపేవాళ్లం కాదు, మొహమాటాలు ఉంటాయి కదా. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకునేవాళ్లు. ఎక్కడ పడితే అక్కడ తినకూడదు, సర్పంచి ఇంట్లో అసలు తినకూడదు. ఒక పూట కోడికూర తిన్నామంటే ఆ ఊళ్లో మన మాట ఇక ఎవరూ నమ్మరు.

గడప ఎక్కగానే మొదటి ప్రశ్న వాళ్లే వేసేవాళ్లు: "రేషన్ కార్డు తీసేస్తారా?" కాగితాలు పట్టుకుని వచ్చినవాడు ఏదో ఒకటి తీసేయడానికే వస్తాడని వాళ్ల అనుభవం. ఆ భయం పోయేదాకా రెండో మాట ఉండదు.

ఒక ఊళ్లో ఒక అక్క. పేరు చెప్పను. "జాబ్ కార్డు చూపించక్కా" అంటే "ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరుంది" అంది. ఊళ్లో పనులు చూసి మస్టరు రాసేది అతనే. పాస్‌బుక్కు? పోస్టాఫీసులోనే ఉంది. ఎన్ని రోజులు పనికి పోయావు అంటే వేళ్ల మీద లెక్కపెట్టి "మూడు వారాలు" అంది. మస్టర్లో ఏడు వారాలు ఉంది. మూడు వారాలకు సంతకం, మిగతా నాలుగు వారాలకు వేలిముద్ర. మా పిల్ల ఆ పేజీ తీసి చూపించింది. అక్క కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "నేను డ్వాక్రాలో చేరినప్పుడే సంతకం నేర్చినా. ఈ ఏలిముద్ర ఎవురిది?" అంది. తేడా 24 రోజులు. రోజుకు 80 రూపాయల చొప్పున వేసినా 1,920. లెక్కలో పెద్దది కాదు. ఆమెకు కోపం వచ్చింది డబ్బుకు కూడా కాదనిపించింది నాకు. సంతకం వచ్చిన మనిషి పేరు పక్కన ఎవడో బొటనవేలు వేసి ఆమెను మళ్లీ నిశానీ మనిషిని చేశాడు.

మండలాఫీసు ఆవరణలో షామియానా వేసి ప్రజావేదిక పెట్టారు. మైకు, నీళ్ల డ్రమ్ము, ముందు వరసలో అధికారులు. ఊరి నివేదిక చదివాం. అక్క లేచి నిలబడింది. కొంగు సర్దుకుంటూ రెండు నిమిషాలు మాటే రాలేదు. తర్వాత ఇంట్లో అడిగిన ప్రశ్నే మైకులో అడిగింది. ఫీల్డ్ అసిస్టెంటు లేచి "ఆ పొద్దు పెన్ను లేక వేలిముద్ర వేయించినాం సార్" అన్నాడు. వెనక నుంచి ఎవరో "నాలుగు వారాలు పెన్నే దొరకలేదా?" అన్నారు. షామియానా మొత్తం నవ్వింది. వేదిక మీది పెద్ద అధికారి నవ్వలేదు, రాసుకున్నాడు. "నువ్వు కూర్చోమ్మా" అన్నాడు ఆమెతో. ఉదయం నుంచి ఆ ఆవరణలో ఆడవాళ్లను ఎవరూ అలా 'అమ్మా' అని పిలవలేదు. కాసేపటికి ఆ ఫీల్డ్ అసిస్టెంటు డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టాడు, రసీదు రాశారు.

ఆ సాయంత్రం నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. పొద్దున్నించి జనం విన్నదంతా దొంగతనాల చిట్టా. చచ్చిపోయినవాళ్లు చెరువు పూడిక తీశారు. బెంగళూరులో ఉన్నవాడు ఇక్కడ కందకం తవ్వాడు. ఇంత విన్నాక గవర్నమెంటు మీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోవాలి కదా? కానీ ట్రాక్టర్లెక్కి వెళ్తున్నవాళ్ల మొహాలు అలా లేవు. నలుగురిలో తన తప్పును తనే మైకు పెట్టి చదివించుకున్న గవర్నమెంటును వాళ్లు మొదటిసారి చూశారు. మా లెక్చరర్ గారి తాళం చెవి సామ్యం నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెవి ఇచ్చినవాడు దొంగే కావచ్చు. కానీ తలుపు తెరుచుకుంది.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

బల్ల మీద డబ్బు పెట్టిన సందర్భాలు కొన్నే. తేలిన సొమ్ములో వసూలైంది తక్కువ భాగం. సస్పెండ్ అయినవాళ్లు కొందరు నెలలు తిరక్కుండా అదే సీట్లో కనిపించారు. దీనికోసమే 2012లో సామాజిక తనిఖీ, అవినీతి నిరోధం మీద రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసింది, సంచార కోర్టులన్నారు. చట్టం వచ్చినంత వేగంగా శిక్షలు రాలేదు. ఇంకొకటి, తెలివైనవాళ్లు దారి మార్చారు. మా నివేదికలను తర్వాత పరిశీలించిన ఆర్థికవేత్తలకు కనపడింది కూడా ఇదే: కూలీల పేర్ల మీద దోపిడీ కొంత తగ్గి, సామగ్రి బిల్లుల్లో పెరిగింది. తన పేరు పక్కన వేలిముద్రను అక్క పట్టుకోగలదు. సిమెంటు ఎన్ని బస్తాలు పడిందో, కంకర ఎంతకు కొన్నారో ఎలా పట్టుకుంటుంది?

చదివి వినిపించి ఏమీ చేయకపోవడం అసలు చదవకపోవడం కన్నా చెడ్డది, నా లెక్కలో. చదవకముందు జనానికి అనుమానమే ఉండేది. చదివాక రుజువుంది, పేరుంది, తేదీ ఉంది, అయినా ఏమీ కాలేదు. మూడోసారి ప్రజావేదికకు కుర్చీలు ఖాళీగా ఉంటే అందుకు జనాన్ని తిట్టి లాభం లేదు.

తర్వాత యాప్‌లు వచ్చాయి. 2023 జనవరి నుంచి పని చోట కూలీల ఫోటో రోజుకు రెండుసార్లు తీసి అప్‌లోడ్ చేయాలన్నారు. మంచిదే అనుకున్నాం. ఫోటోకే ఫోటో తీసి పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. సిగ్నల్ లేని గుట్ట మీద నిజంగా పని చేసిన ఆడమనిషికి మాత్రం హాజరు పడదు, కూలీ పోతుంది. నేను టెక్నాలజీకి వ్యతిరేకిని కాను, నా పెన్షన్ వివరాలు ఫోన్లోనే చూసుకుంటాను. ఒక్క తేడా చెప్తాను. మేం వెళ్లినప్పుడు కూలీ కూర్చుని అధికారిని అడిగింది. ఇప్పుడు ఫోను కూలీని నిలబెట్టి అడుగుతోంది. రెండింటికీ పారదర్శకత అనే పేరే పెట్టారు.

పని అయిన 15 రోజుల్లోపు కూలీ ఇవ్వాలని చట్టం. ఆలస్యమైతే పరిహారం కూడా ఇవ్వాలి. నా దృష్టిలో నమ్మకం గురించిన సభలూ సర్వేలూ పక్కన పెట్టి ఈ ఒక్కటి సరిగ్గా చేసినా ఊళ్లల్లో సగం మాటలు మారతాయి. పదిహేనో రోజు డబ్బు పడాలి. పడకపోతే ఎందుకు పడలేదో చెప్పే మనిషి ఊళ్లో ఉండాలి. "పైనుంచి రాలేదు" అన్నది జవాబు కాదు. పైన ఎవరు, ఏ బల్ల మీద, ఎన్ని రోజుల నుంచి?

మన రాష్ట్రంలో సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజే లేదు, మండలంలో 5 రూపాయలు. ఇక్కడున్న విద్యార్థులకు చెప్తున్నాను, వేసవి సెలవుల్లో మీ ఊరి పనుల కాగితాలు ఒక్కసారి అడిగి తెచ్చుకుని, రచ్చబండ దగ్గర గట్టిగా చదవండి. వక్తృత్వ పోటీ కన్నా కష్టంగా ఉంటుంది.

అక్క దగ్గరికి ఏడాది తర్వాత మళ్లీ వెళ్లాం. ఆ ఫీల్డ్ అసిస్టెంటు పక్క ఊళ్లో పని చేస్తున్నాడని ఆమే చెప్పింది, నా మొహం చూడకుండా. నేనేం మాట్లాడలేదు. లోపలికెళ్లి మనవరాలి పాత నోట్సు పుస్తకం తెచ్చింది. పనికి పోయిన ప్రతి రోజుకూ ఒక గీత, పక్కన ఆ పిల్ల రాసిన తేదీ. ఇక మా కాగితాల కోసం కనిపెట్టుకుని ఉండదలుచుకోలేదన్నమాట. మస్టరు పక్కన పెట్టి ఇద్దరం ఒక్కో గీతా సరిచూశాం. అన్నీ ఆమె సంతకాలే. చివర్లో ఒక్క రోజు తేడా వచ్చింది. ఆమె పుస్తకంలో గీత ఉంది, మస్టర్లో గైర్హాజరు. సరే, మళ్లీ మొదలైంది అనుకుని నేను పెన్ను తీశాను.

అక్క కాసేపు ఆలోచించింది. "రాయొద్దులేప్పా," అంది. "ఆ పొద్దు జొరమొచ్చింది, నేను పోలా. ఈ పిల్ల ఊరికే గీసినట్టుంది."

నా చేతిలో పెన్ను తీసుకుని ఆ గీతను తనే కొట్టేసింది.